ఎండాకాలంలో పత్రికకు ఫొటోలు తీయడం ఎలా: నల్లగొండ, పాలమూరు దారుల్లో

ఏప్రిల్ మొదటి వారంలో పత్రిక ఆఫీసు డెస్కు నుంచి ఫోను వస్తుంది. "ఎండల ఫొటో ఒకటి పంపండి" అంటారు. మీరు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారైతే నేరుగా చౌరస్తాకు వెళ్తారు. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద వెళ్లే అమ్మాయి, కొబ్బరిబోండాల బండి, మధ్యాహ్నం ఖాళీగా పడి ఉన్న రోడ్డు. మరుసటి రోజు చూస్తే అన్ని పత్రికల్లోనూ అవే మూడు ఫొటోలు. నిరుడు వచ్చినవాటికీ వీటికీ తేడా తెలియదు.

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా వేసవులు నేను కెమెరా మెడలో వేసుకుని తిరిగాను. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. ఎండను తీయాలని చూడకుండా, నీడ ఎక్కడుందో వెతకడం. ట్రాక్టరు ట్రాలీ కింద పడుకున్న హమాలీ, ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి నిలబడ్డ గొర్రెలు, కరెంటు స్తంభం సన్నని నీడలో ఒకరి వెనుక ఒకరు నిలబడ్డ ముగ్గురు ప్రయాణికులు. ఇవి చూసినవారికి డిగ్రీలు వేరే చెప్పనక్కర్లేదు. ఆ నీడల దగ్గరకు ఎలా చేరాలో, అక్కడ ఏం చేయాలో వరుసగా చెబుతాను.

మార్చిలోనే డైరీ రాసుకోండి

ఎండాకాలం వార్తలు చెప్పకుండా వచ్చేవి కావు. చాలావరకు తేదీలు ముందే తెలుసు. ఒక నోటుపుస్తకం తీసుకుని నెలల వారీగా రాయండి. మార్చిలో పదో తరగతి పరీక్షలు, ఎండుతున్న బోర్లు, బత్తాయి తోటలకు ట్యాంకర్లతో నీళ్లు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రాలు, అడవి ఊళ్లలో తునికాకు సేకరణ, కొల్లాపూర్ మామిడి, హైవే పక్కన తాటి ముంజలు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె. జూన్ 2న రాష్ట్ర అవతరణ దినోత్సవం. ఆ తర్వాత వారంలోపే మృగశిర. ఆ రోజు ఏ ఊరికి వెళ్లినా చేపల దగ్గర జనం ఉంటారు.

ప్రతి పని పక్కన మీకు దారి చూపగల మనిషి ఎవరో రాసుకోండి. ఊరి నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్, కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలు, చెరువు దగ్గర చేపలు పట్టే పెద్దమనిషి, బస్సు డిపోలో తెలిసిన కండక్టర్. తర్వాత మీకు వచ్చే మంచి ఫొటోల్లో సగం వీళ్ల ఫోన్ల వల్లే వస్తాయి.

సంచిలో ఏం ఉండాలి

ముందు మీ కెమెరాతో వచ్చిన పుస్తకం తెరిచి చూడండి. చాలా కెమెరాలకు పనిచేసే వేడి 0 నుంచి 40 డిగ్రీల వరకు అని రాసి ఉంటుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. ఇక మోటారుసైకిలు డిక్కీలో ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఒకసారి దేవరకొండలో మధ్యాహ్నం రెండు గంటలు నా కెమెరాను డిక్కీలో వదిలి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి చేతిపట్టు మీది రబ్బరు ఉబ్బి ఊడిపోయింది, కార్డు తెరుచుకోలేదు. ఉదయమంతా పడిన కష్టం పోయింది. అప్పటి నుంచి కెమెరా నాతోపాటే లోపలికి వస్తుంది.

తెల్లని నూలు గుడ్డ ఒకటి తడిపి, గట్టిగా పిండి, సంచి మీద కప్పండి. కెమెరాకు తడి తగలకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంచండి. లెన్సులు మార్చే పని గది లోపలే చేసుకుని బయలుదేరండి. ధాన్యం రాశుల దగ్గర, ఎండిన చెరువులో లెన్సు విప్పితే ఆ దుమ్ము సెన్సరు మీద కూర్చుని, నెలంతా ప్రతి ఫొటో ఆకాశంలో మచ్చలుగా కనిపిస్తుంది. దుమ్ము ఊదే చిన్న రబ్బరు బుడ్డి, మెత్తని గుడ్డ, అదనపు బ్యాటరీ, రెండు చిన్న కార్డులు పెట్టుకోండి. ఒకే పెద్ద కార్డు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మీ ఒంటికీ సంచిలో చోటు ఉండాలి. రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తలకు రుమాలు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచానే, ఉప్పు ఎక్కువ కాకూడదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరితే వాతావరణ శాఖ వడగాలి కింద లెక్కిస్తుంది. అలాంటి రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు బయట తిరగాల్సి వస్తే, ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి, ఆఫీసులో ఒకరికి చెప్పి వెళ్లండి. చెమట పట్టడం ఆగిపోయినా, తల తిరిగినా, మాట తడబడినా వెంటనే నీడకు చేరి, ఒళ్లు తడుపుకుని, ఎవరినైనా పిలవండి. అప్పుడు ఫొటో సంగతి మరచిపోవాలి.

వెలుతురును అర్థం చేసుకోండి

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. గర్భగుడిలో శివలింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలిచి ఉంటుంది. కొత్తగా కెమెరా పట్టినవారిని నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను. ఎండ నేరుగా పడని చోట, స్తంభాల మధ్య నుంచి పక్కవాటుగా వచ్చే వెలుతురు ఎంత నిలకడగా ఉంటుందో అక్కడ గంటసేపు కూర్చుంటే తెలుస్తుంది. మనుషుల ముఖాలు తీయడానికి కావలసింది ఆ వెలుతురే. వరండా, రేకుల షెడ్డు అంచు, బస్ షెల్టరు, మర్రిచెట్టు దట్టమైన నీడ, ఇవన్నీ దాన్ని ఇస్తాయి.

వేపచెట్టు నీడను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలు ముఖం మీద మచ్చల్లా ఉంటాయి. కొనుగోలు కేంద్రాల్లో కట్టే నీలం పరదాల కింద ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ మనిషి రంగు జబ్బుపడినట్టు నీలంగా వస్తుంది. పరదా అంచున, బయటి వెలుతురు వచ్చే వైపు ముఖం ఉన్న మనిషిని తీయండి.

నడిమింటి ఎండలోనే తీయక తప్పకపోతే ఒక లెక్క గుర్తుంచుకోండి. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే స్థాయి) 100 దగ్గర ఎఫ్ 16 (లెన్సు రంధ్రం కొలత), షట్టరు సెకనులో 100వ వంతు. దానికి సమానంగా ఎఫ్ 8, సెకనులో 400వ వంతు. ఈ లెక్కన తెల్ల ధోవతి, తెల్ల తలపాగా మడతలు కనిపించకుండా వెలిసిపోక, సరిగా వస్తాయి. ముఖం నల్లబడితే తలపాగా నీడలోకి కొద్దిగా ఫ్లాష్ వేయాలి. ఎఫ్ 11, సెకనులో 200వ వంతు పెట్టి, ఫ్లాష్ బలం తగ్గించి వాడండి. ఫ్లాష్ లేదా? పాలమూరు ఎర్ర చెల్క నేలే మీకు అద్దంలా పనికొస్తుంది. మీరు కూడా కూర్చుని కింది నుంచి చూస్తే, నేల మీద పడిన ఎండ తిరిగి ముఖానికి చేరుతున్నట్టు కనిపిస్తుంది.

పొడవు లెన్సుతో దూరం నుంచి తీసిన ఫొటో మధ్యాహ్నం వేళ నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. వేడెక్కిన నేల మీది గాలి వెలుతురును వంచడమే దీనికి కారణం. ఎంత ఖరీదైన లెన్సు ఉన్నా ఇది పోదు. దగ్గరకు వెళ్లండి, లేదా ఉదయం ఎనిమిదిలోపు రండి. ఇంకో సంగతి. పత్రిక కాగితం మీద నీడలు తెరమీద కంటే చాలా నల్లగా అచ్చవుతాయి. నీడలో ఉన్న ముఖాన్ని మీకు సరిపోయిందనిపించిన దానికంటే కొంచెం వెలుగుగా ఉంచి పంపండి.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లండి

నీళ్లు తగ్గుతున్నాయన్న వార్తను ఒక్క ఫొటోతో చెప్పలేరు. పగుళ్లు తేలిన చెరువు మట్టిని ఏ సంవత్సరం ఫొటో వేసినా ఎవరికీ తెలియదు. పాత ఫొటోను ఈ ఏటిదిగా పంపడం పాఠకుడిని మోసం చేయడమే. ఆ పని ఎన్నడూ చేయవద్దు.

దీనికి బదులు మార్చి మొదటి ఆదివారం ఒక చోటు ఎంచుకోండి. నాగార్జునసాగర్ ఒడ్డున ఒక బండ, ఉదయ సముద్రం కట్ట మీద ఒక రాయి, కోయిల్‌సాగర్ దగ్గర ఒక మెట్టు, ఏదైనా సరే. నిలబడిన చోట సున్నంతో గుర్తు పెట్టండి. అదే లెన్సు, అదే ఎత్తు, అదే గంట. జూన్ వరకు వారానికొకసారి వెళ్లి ఒక్క ఫొటో తీయండి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కాలువలకు నీళ్లిచ్చే కనీస మట్టం 510. నీళ్లు దిగేకొద్దీ బండల మీద తెల్లని చారలు ఒకదాని కింద ఒకటి బయటపడతాయి. సాగర్ ఒడ్డున పుట్టంగండి దగ్గర నుంచి ఎత్తిపోసే నీళ్లు హైదరాబాద్ తాగునీటికీ వెళ్తాయి కాబట్టి, ఆ చారల ఫొటో మీ జిల్లా పేజీ దాటి మెయిన్ పేజీకి వెళ్లే అవకాశం ఉంది. డ్యాము మీదికి వెళ్లాలంటే అనుమతి తీసుకోండి. ఒడ్డు మీది ఊళ్ల నుంచి తీయడానికి ఆ ఇబ్బంది ఉండదు.

మహబూబ్‌నగర్‌వాళ్లకు పిల్లలమర్రి ఉంది. మూడెకరాల్లో పరుచుకున్న ఆ ఏడు వందల ఏళ్ల చెట్టును పర్యాటక బొమ్మగానే తీస్తూ వచ్చాం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది, చెదలు తొలిచేశాయి. మరుసటి ఏడాది సెలైన్ సీసాల్లో మందు నింపి కొమ్మలకు వేలాడదీసినప్పుడు ఆ ఫొటోలు దేశం దాటి వెళ్లాయి. రోగిలా సెలైన్ ఎక్కించుకుంటున్న మర్రిచెట్టు! వార్త లేని రోజుల్లోనూ అక్కడికి వెళ్తూ ఉన్నవారికే అలాంటివి ముందు తెలుస్తాయి.

ధాన్యం రాశుల దగ్గర

వేసవి మొత్తంలో మీరు ఎక్కువ సమయం ఇవ్వాల్సిన చోటు ఇదే. నల్లగొండ, మిర్యాలగూడ, నకిరేకల్ వైపు రోడ్ల పక్కనే వడ్లు ఎండుతుంటాయి. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా వేస్తారు. అందుకే రైతు పగలంతా వడ్లను కాళ్లతో తిరగేస్తూ, రాత్రి రాశి పక్కనే పడుకుంటాడు. పొద్దున ఆరు గంటలకు వెళ్లండి. పరదా కింద నుంచి లేచే మనిషి, టీ తెచ్చిన మనవరాలు, పక్క రాశి రైతుతో మాటలు దొరుకుతాయి. ఆ గంటలో వచ్చిన ఫొటోలు నాకు మధ్యాహ్నం ఎన్నడూ రాలేదు.

సాయంత్రం ఉత్తరం వైపు మబ్బు కమ్మితే ఇంటికి వెళ్లవద్దు. అకాల వర్షం పది నిమిషాల్లో వస్తుంది, అరగంటలో పోతుంది. కెమెరాకు ప్లాస్టిక్ కవరు తొడిగి కేంద్రం దగ్గరే ఉండండి. రైతులు పరదాలు లాగుతున్నప్పుడు మీ చేతులు ఖాళీగా ఉంటే ఒక కొస పట్టుకోండి. ఆ తర్వాత ఫొటో తీస్తే ఎవరూ కాదనరు. పట్టుకోవాలన్నది ఫొటో కోసం చెప్పడం లేదు, తడిసేది వాళ్ల ఏడాది కష్టం. పిడుగులు పడుతుంటే మాత్రం చెట్టు కిందికీ, ఇనుప షెడ్డు స్తంభం దగ్గరకూ వెళ్లవద్దు.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. తడిసిన వడ్లను కొంగుతో ఎత్తుతున్న ఒక పెద్దావిడ ఫొటో తీసి, అడగకుండానే "మహిళా కూలీ" అని రాశాను. రెండు రోజుల తర్వాత ఆమె పేపరు పట్టుకుని వచ్చారు. "బిడ్డా, రెండెకరాలు నా పేరు మీద ఉన్నాయి, నేను రైతును" అన్నారు. అప్పటి నుంచి నా జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. పేరు, ఊరు, చేసే పని, ఎన్ని రోజులుగా అక్కడున్నారు, ఈ నాలుగూ వారి నోటితోనే చెప్పించుకుని రాస్తాను. మీరూ ముందు అడిగి, ఆ తర్వాతే ఫొటో కింది వ్యాఖ్య రాయండి.

ఫ్లోరైడ్ ఊళ్లకు వెళ్లేటప్పుడు

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు నీళ్ల వార్తకు వెళ్తే ఎవరో ఒకరు మిమ్మల్ని కాళ్లు వంకరపోయిన మనిషి ఇంటికి తీసుకెళ్తారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ఊళ్ల బోరునీళ్లు దశాబ్దాలపాటు ఆ హద్దు మీరాయి, ఎముకలు వంగిపోయాయి. ఇప్పుడు నల్లాలకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

ఆ ఇళ్లలోకి కెమెరా పట్టుకుని వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది కాళ్లు మాత్రమే తీసి వెళ్లారు. మీరు కూర్చోండి, నీళ్లు ఇస్తే తాగండి, ఎందుకొచ్చారో చెప్పండి. బట్టలు పైకి జరపమని, నిలబడమని, నడిచి చూపమని అడగవద్దు. ఆ మనిషి దుకాణం నడుపుతుంటే దుకాణంలో తీయండి, బీడీలు చుడుతుంటే ఆ చేతులు తీయండి. వద్దంటే కెమెరా సంచిలో పెట్టి మాట్లాడి రండి. అచ్చయిన తర్వాత ఆ పేజీ వాళ్లకు చేర్చండి. దీనికి ఒక పూట పడుతుంది, ఆ పూట ఇవ్వాల్సిందే.

బావుల్లో ఈత కొట్టే పిల్లల ఫొటోకూ నియమం ఉంది. వేసవి సెలవుల్లో అది అందరికీ నచ్చే బొమ్మ. కానీ ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట పిల్లలు మునిగిపోతూనే ఉన్నారు. గట్టు మీద ఈత వచ్చిన పెద్దవాళ్లు ఉన్నారా అని ముందు చూడండి. లేకపోతే పిల్లలను బయటకు పిలవండి. మీ కెమెరా చూసి వాళ్లు ఇంకా ఎత్తు నుంచి దూకుతారు, ఆ బాధ్యత మీదే. ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రి దగ్గర తల్లి ముఖాన్ని వెంటాడవద్దు. గట్టు మీద మిగిలిపోయిన చెప్పుల జత చాలు.

సలేశ్వరం, సోమశిల

ఇవి పనీ, ప్రయాణమూ కలిసిన రోజులు. సలేశ్వరం జాతరకు అటవీశాఖ కొద్ది రోజులే దారి తెరుస్తుంది. బండ్లు ఆగిన చోటు నుంచి కొండదారిలో నడవాలి. లోయలోకి దిగే బాట ఇరుకు, జనం ఎదురెదురుగా వస్తుంటారు. అందుకే స్టాండు తీసుకెళ్లవద్దు, ఒకే కెమెరా, ఒకే వెడల్పు లెన్సు చాలు. లోయ అడుగున వెలుతురు తక్కువ, జలపాతం తుంపరలు అద్దం మీద పడతాయి. ఐఎస్ఓ పెంచి, గుడ్డ చేతిలోనే ఉంచుకోండి. అక్కడ లింగమయ్యకు పూజలు చేసేది చెంచులు. గుడి దగ్గర తీయవచ్చా అని వాళ్లనే అడగండి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా డ్రోను ఎగరేయకూడదు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు రాకపోకలు ఆపేస్తారు. ఫొటోలు పంపడానికి సిగ్నల్ ఉన్న చోటికి రావాలి కదా, అందుకు రెండు గంటలు ముందే వెనుదిరగండి.

కొల్లాపూర్ దాటి సోమశిలకు వెళ్తే కృష్ణ వెనుక జలాలు. వేసవిలో నీళ్లు దిగిపోయినప్పుడు అవతలి ఒడ్డు వైపు సంగమేశ్వరాలయం బయటపడుతుంది. మిగతా నెలల్లో అది నీళ్ల కింద ఉంటుంది. పడవలో లైఫ్ జాకెట్ వేసుకుని, కెమెరాను గాలి చొరని సంచిలో పెట్టుకుని వెళ్లండి. అక్కడ గోడల మీది నీటి చారలు, తడి ఆరని బురదలో భక్తుల అడుగులు తీయండి. గోపురం ముందు నిలబడి తీసే ఫొటో ఎలాగూ అందరూ తీస్తారు.

పంపేటప్పుడు

పది కంటే ఎక్కువ పంపవద్దు. మీరు ఏరకపోతే ఆ పని తొందరలో ఉన్న డెస్కు చేస్తుంది, మంచిది పోతుంది. కెమెరాలో తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఎవరో గ్రూపులో పెట్టిన ఫొటోను మీ పేరుతో పంపవద్దు. తల మీద నీళ్లు పోసుకోమని, చెట్టు కింద పడుకోమని చెప్పి తీసినదాన్ని వార్తా చిత్రంగా పంపవద్దు. వ్యాఖ్యలో "భానుడి భగభగలు" లాంటి మాటలు రాయడం మానండి. "నకిరేకల్ కొనుగోలు కేంద్రంలో ఆరు రోజులుగా కాంటా కోసం ఎదురుచూస్తున్న రైతు" అని రాస్తే ఎండ ఎంతో దానంతటదే తెలుస్తుంది.

మృగశిర వచ్చి, మొదటి వాన పడ్డాక, మార్చి నుంచి తీసినవన్నీ ఊరు, తేదీ పేర్లతో రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే చోట ఉంచండి. బండ మీది సున్నం గుర్తు వానకు చెరిగిపోతుంది, మళ్లీ వేసి రండి. పైనుంచి వరద వచ్చి సాగర్ నిండుతున్న రోజున అదే చోట, అదే గంటకు నిలబడి చివరి ఫొటో తీయాలి.